అక్షరం కన్నా ముందు నోరు

నల్లగొండ

చిరంజీవి మేనకోడలికి,

అత్తయ్య ఆశీస్సులు. నారాయణపేట నేతవాళ్ళ మాటలు సేకరించడానికి వచ్చే వారం బయలుదేరుతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఎంత సంతోషమైందో! ముప్పై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పిన తరువాత గానీ నాకు తెలియని సంగతి ఒకటుంది. అది నీకు ముందే తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. చెవిన పడ్డ మాటను వెంటనే అక్షరాల్లో పెట్టకు. అది నోట్లో ఎక్కడ, ఎలా పుడుతోందో ముందు చూడు.

సున్నతో మొదలుపెట్టు. అద్దం ముందు కూర్చుని ‘నందికొండ’ అని మెల్లగా పలుకు. మొదటి సున్న దగ్గర ఆగితే నాలుక కొన పైపళ్ళ వెనుక ఆని ఉంటుంది, తరువాత ద రావాలి కదా. రెండో సున్న దగ్గర ఆగి చూడు, అదే కొన వెనక్కి మడతపడి అంగిలిని తాకుతూ డ కోసం సిద్ధంగా ఉంటుంది. ‘అచ్చంపేట’లో సున్న దగ్గర నాలుకకు పనే లేదు, పెదవులు మూసుకుంటాయి. ‘వంగూరు’లో నాలుక వెనుక భాగం లేచి మెత్తని అంగిలికి అంటుకుంటుంది. ‘కంచె’ అన్నప్పుడు నాలుక నడుము లేస్తుంది. రాతలో ఒక్క సున్న, నోట్లో ఐదు ధ్వనులు! చదివేవాళ్ళకు ఆ తేడా పక్క అక్షరమే చెప్పేస్తుంది కాబట్టి రాతకు ఒక్కటి చాలింది. నువ్వు చేయబోయే పనికి చాలదు.

ఈ ఐదింటికీ ఉమ్మడి గుణం ముక్కు. కొండనాలుక వేలాడే మెత్తని అంగిలి కిందికి దిగి గాలిని ముక్కులోకి వదులుతుంది. ముక్కు గట్టిగా మూసుకుని ‘మామ’ అను, ‘బాబ’లాగా వినిపిస్తుంది. పెదవులు రెండుసార్లూ చేసేది ఒకే పని.

గొంతు మీద వేలు పెట్టి స్ అనే ధ్వనిని సాగదీయి. వేలికి ఏమీ తగలదు. ఉర్దూ బాగా వచ్చినవారిని ‘జమానా’లోని మొదటి ధ్వనిని (ఇంగ్లీషు z లాంటిది) అలాగే సాగదీయమని అడుగు, వాళ్ళ గొంతు ఝుమ్మంటుంది. అది స్వరతంత్రుల కంపనం. ఆడవాళ్ళ గొంతులో సెకనుకు సుమారు 200 సార్లు, మగవాళ్ళ గొంతులో సుమారు 120 సార్లు అవి కొట్టుకుంటాయి. వ్యాకరణంలో పరుషాలు, సరళాలు అని మనం వల్లె వేసింది ఈ తేడానే. క చ ట త ప లకు కంపనం లేదు, గ జ డ ద బ లకు ఉంది. ఎక్కడ అడ్డు పడింది, ఎలా అడ్డు పడింది, గొంతు కంపించిందా లేదా అనే మూడు ప్రశ్నలకు జవాబు రాస్తే చాలా హల్లుల వర్ణన పూర్తయినట్టే. 1886లో పారిస్‌లో పుట్టిన అంతర్జాతీయ ధ్వనిశాస్త్ర సంఘం వారి పట్టిక ఈ మూడింటి మీదే నిలబడింది. మన వర్ణమాల కూడా క వర్గం నుంచి ప వర్గం దాకా గొంతు వైపు నుంచి పెదవుల వైపు నడుస్తుంది. దాన్ని బట్టీ పట్టించామే గానీ, పిల్లల చేత నోరు తడిమి చూపించలేదని నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. దేవరకొండ వైపు ఒక పల్లెలో ఒక పెద్దామెను, కింద పరిచిన దాన్ని చూపిస్తూ, ‘దీన్ని చాప అంటారు కదమ్మా’ అని అడిగాను. ‘అవునమ్మా, చాప’ అంది. రాసుకున్నాను. కాసేపటికి ఆమె కోడలిని కేకేసి ‘సాప’ తెమ్మంది. పంతులమ్మ నోటి నుంచి వచ్చిన మాటను మర్యాదకు తిరిగి పలికిందే తప్ప తన మాట నాకు ఇవ్వలేదు. పోగొట్టుకున్నది నేనే. ‘చాప’లో చ దంత్యం, నాలుక కొన పళ్ళ దగ్గర గాలిని ఒక్క క్షణం పూర్తిగా ఆపి, ఆ వెంటనే రాపిడితో వదులుతుంది. ఆ ఆపడం జారిపోతే మిగిలేది రాపిడి ఒక్కటే, అదే స. ఆమె నోట్లో జరిగింది అంత క్రమమైన మార్పు. అది తప్పు పలుకు అని నీ పుస్తకంలో ఎక్కడా రాయకు. నువ్వు ముందుగా మాట అందించకు. వస్తువును చూపించి, ‘దీన్ని ఏమంటారు’ అని మాత్రమే అడుగు.

మగ్గం దగ్గర ‘నాడె’ అన్న మాటను జాగ్రత్తగా విను, అడ్డనూలును అటూ ఇటూ నడిపే పనిముట్టు అది. రెండు అచ్చుల మధ్య ఆ డ గట్టిగా ఆగదు, నాలుక కొన అంగిలిని ఒక్కసారి తాకి జారిపోతుంది. ‘అడ్డం’లో అలా కాదు, ఆనించి పట్టుకుంటుంది. రెండింటికీ మనం రాసేది డ వర్ణమే. ఎదుటివారు ఒప్పుకుంటే పలికేటప్పుడు నోరు కనిపించేలా వీడియో తీసుకో.

ఫోనును నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కగా పెట్టు. ఎదురుగా పెడితే ప, భ పలికినప్పుడు గాలి కొట్టి రికార్డు పాడవుతుంది. ప్రతి మాటను మూడుసార్లు చెప్పించు. ముందుపళ్ళు ఊడిన పెద్దల దగ్గర కథలు, పాటలు ఎన్నైనా విను, దంత్య ధ్వనుల కోసం మాత్రం పళ్ళున్నవారిని చూసుకో. ‘ధర’ అని రాసే అలవాటులో ‘దర’ అన్న పలుకును మార్చెయ్యకు. మగ్గం ఆపమని అడగకు, ఆగినంతసేపు వాళ్ళ కూలి ఆగుతుంది. భోజనాల వేళ దాకా కూర్చో.

పని ముగిశాక రెండు రోజులు నా దగ్గరికి రా తల్లీ. ఇంకేమి తెచ్చినా తేకపోయినా, ‘నాడె’ను మాత్రం ముగ్గురి నోట పలికించి తీసుకురా, ఇద్దరం కూర్చుని విందాం.

మీ అత్తయ్య