టీవీవాళ్ల కాగితం మీద సంతకమా?

ప్రశ్న: మాది పలాస. అమ్మ జీడి పరిశ్రమలో పప్పు ఒలుస్తుంది. అసమానతలపై డాక్యుమెంటరీకి మా ఇంటిని తీస్తామంటున్నారు. ఏం చూసుకోవాలి?

జవాబు: అంగీకారపత్రం తెలుగులో అడగండి, ఒక ప్రతి ఉంచుకోండి. ‘ఎప్పుడైనా, ఎక్కడైనా వాడుకుంటాం’ అని ఉంటే ఈ ఒక్క కార్యక్రమానికే అని మార్పించండి. ప్రసారమయ్యాక వెనక్కి లాగడం దాదాపు కుదరదు.

అసలు చిక్కు చొక్కాకి తగిలించే మైకుతో. ఆపకపోతే టీ తాగేటప్పుడు మాటలూ ఎక్కేస్తాయి, విరామంలో తీసేయండి. ఆధార్, బ్యాంకు పుస్తకం చూపితే నంబర్లు మసకచేయమనండి. కూలి చెప్పేటప్పుడు కిలోకా, రోజుకా, సీజనుకా తేల్చి చెప్పండి, లేదంటే ఎడిటింగ్‌లో లెక్క తారుమారవుతుంది. యజమాని పేరెత్తితే అమ్మగారి పనికే ముప్పు రావచ్చు. షూటింగ్ వల్ల పోయే రోజు కూలి సంగతి టీవీవాళ్లతో ముందే మాట్లాడుకోండి, మొహమాటం వద్దు.