అత్త వరసావిడకి ఎలా చెప్పేది?

ప్రశ్న: పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగ్ సూపర్‌వైజర్ని, మొన్నటిదాకా అదే టేబుల్ దగ్గర పనిచేసినోణ్ణి. ఇప్పుడు నా కింద ఉన్నోళ్లంతా మా వీధి ఆడవాళ్లే, ఒకావిడైతే నాకు అత్త వరస. 320 గ్రేడు చిన్న పప్పుని 240 గ్రేడు పెద్ద పప్పు ట్రేలో కలిపేస్తోంది, చెప్తే "నిన్నగాక మొన్నటి గుంటడివి, నాకు సెప్తావేటి" అంటుంది, టేబులంతా నవ్వుతారు, నేనూ నవ్వేసి వచ్చేస్తాను. పైగా పొద్దున్న కొంతమంది అరగంట లేటు. ఓనరేమో నువ్వు మెతక, తలా 200 ఫైన్ కొట్టు, దారికొస్తారు అంటున్నాడు. కొట్టమంటారా?
- ఓ పాఠకుడు, కాశీబుగ్గ

జవాబు: వద్దు తమ్ముడూ. ఫైన్ అంటే ఓనరుకి తోచినంత కోసేసుకునేది కాదు. దేనికి వేస్తారో ఆ కారణాలు సర్కారు ఒప్పుకున్నవై ఉండాలి, నోటీసు పెట్టాలి, వేసే ముందు వాళ్లు చెప్పేది వినాలి, ఇంతా చేసి ఆ విడతకి ఇచ్చే కూలిలో 3 శాతం దాటకూడదు. పాత వేతన చెల్లింపు చట్టంలోనూ అంతే, 2019 వేతనాల కోడ్‌లోనూ అంతే. వారానికి 2500 వచ్చే మనిషికి 75 రూపాయలు, మీ ఓనరు చెప్పే 200 ఎక్కడ?

లేటు సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టు. కిలోల లెక్కన కూలి తీసుకునేవాళ్లకి లేటైతే వాళ్ల కూలే తగ్గుతుంది, మందస వైపు నుంచి వచ్చే ఆటోనే ఆలస్యమేమో కనుక్కో, అదే అయితే టైము మార్చమని నువ్వే ఓనర్ని అడుగు. అన్నింటిమీదా ఒకేసారి పడితే ఏదీ తెగదు.

తేల్చాల్సింది ఆ ట్రే సంగతి. అది కూడా ముందు మీ అత్త దగ్గరే, ఆవిణ్ణి వదిలేసి పక్కావిణ్ణి అన్నావో ఇంక నీ మాట ఎవరూ వినరు. అందరి ముందూ మాత్రం కాదు, నవ్వేవాళ్లుంటే ఆవిడ తగ్గదు. పని అయ్యాక కాటా దగ్గరికి రమ్మను. ఆవిడ ట్రేలోంచే ఒక పౌను, అంటే 454 గ్రాములు, తూచి ఆవిడ చేతే లెక్కపెట్టించు. 240 గ్రేడంటే పౌనుకి 220 నుంచి 240 గుండుపప్పులు రావాలి, 320 అయితే 300 నుంచి 320. మధ్యలో ఏ 265 దగ్గరో తేలిందనుకో, ఇంక నువ్వు గుంటడివా పెద్దోడివా అన్న గొడవే రాదు. అప్పుడు "అత్తా, రేపట్నుంచి కలిసిన ట్రే నేను తీసుకోను, మళ్లీ ఏరి ఇవ్వాలి" అని ఒక్కసారి చెప్పి ఊరుకో. సారీలు వద్దు, "ఓనరు అనమన్నాడు" అసలే వద్దు, అదంటే నువ్వు ఉత్త పోస్టుమేన్‌వి అయిపోతావు. అలుగుతుంది, రెండు మూడ్రోజులు మాట్లాడదు, మీ అమ్మ దగ్గర కూడా చెప్తుంది, చెప్పనీ. మర్నాడు కలిసిన ట్రే వస్తే మాత్రం చూసీ చూడనట్టు ఊరుకోకు, అరవకుండా వెనక్కి జరిపెయ్, అదొక్కటే కష్టం. మిగతా టేబుళ్ల దగ్గరా అదే కాటా, అదే లెక్క.

ఇదంతా మొదలెట్టే ముందు ఓనరుతో మాట్లాడుకో. ఆవిడ నేరుగా ఆయన దగ్గరికెళ్లి మొర పెట్టుకుంటే, ఆయన "పోనీలే అమ్మా, ఈసారికి" అనేశాడంటే నువ్వు మళ్లీ మొదటికొచ్చినట్టే. ఫైన్ వద్దని చెప్పేటప్పుడే, అలా అనేయనని మాట కూడా ఆయన దగ్గర తీసుకో.