పాపని అమ్మమ్మ దగ్గర ఉంచుతున్నారా?

ఉద్యోగాల కోసం ఊరు వదిలి ఇక్కడికి కొత్తగా వచ్చిన జంటలు తరచూ అడుగుతుంటారు: ఇద్దరం ఉద్యోగాల్లో కుదురుకునేదాకా పాపని గుంటూరులో అమ్మమ్మ దగ్గర ఉంచొచ్చా అని. ఉంచండి, తప్పేం లేదు. డేకేర్ ఖర్చు ఎలా ఉంటుందో నాకూ తెలుసు. కానీ అమ్మమ్మ ఉంది కదా అని నిశ్చింతగా ఉండిపోకండి. ఆవిడ గుడికెళ్లినప్పుడు, మధ్యాహ్నం కునుకు తీసినప్పుడు పాప ఎవరి దగ్గర ఉంటోంది? ట్యూషన్ మాస్టారు, పై వాటా కుర్రాడు, స్కూల్లో దింపే ఆటో అతను, వచ్చిపోయే చుట్టాలు, వీళ్లంతా ఎవరో మీకు తెలియాలి. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ చేయించిన అధ్యయనంలో, పిల్లలపై లైంగిక వేధింపులకు పాల్పడినవాళ్లలో సగం మంది ఆ పిల్లలకు తెలిసినవాళ్లేనని తేలింది.

వీడియో కాల్‌లో చుట్టూ అందరూ ఉంటే ఏ పిల్లా మనసులో మాట చెప్పదు. రోజూ కాసేపు పాప ఒక్కతే మీతో మాట్లాడేలా చూడండి. గుంటూరు బ్రాడీపేటలో అమ్మమ్మ దగ్గర ఉంటున్న మాకు తెలిసినవాళ్ల బాబు ఉన్నట్టుండి ట్యూషన్‌కి వెళ్లనని మొండికేశాడు, రాత్రిళ్లు పక్క తడపడం మొదలుపెట్టాడు. అమ్మానాన్నల మీద బెంగ అని పెద్దవాళ్లు సర్దిచెప్పారు. వాళ్లమ్మకి మనసొప్పక సెలవు పెట్టి వెళ్లింది. అక్కడ మాస్టారు బెల్టుతో కొడుతున్నాడు. వాడి వీపు మీద వాతలు స్నానం చేయించే పనిమనిషి ముందే చూసిందట, చెబితే తననే అంటారని ఊరుకుంది.

ఇంతకన్నా ఘోరం జరిగినా మనవాళ్లు ముందు పరువు గురించే టెన్షన్ పడతారు, అందుకే ఇది చెబుతున్నా. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన 2012 పోక్సో చట్టం పద్దెనిమిదేళ్లలోపు ఆడపిల్లలకీ మగపిల్లలకీ వర్తిస్తుంది. లైంగిక వేధింపు జరిగిందని తెలిసీ పోలీసులకు చెప్పకపోతే అది కూడా నేరమే, సొంత చుట్టాలకైనా సరే. పాప పేరు, ఫొటో పత్రికల్లో రాకూడదు. వాంగ్మూలం ఇంట్లోనే ఇవ్వొచ్చు. తీసుకునే అధికారి యూనిఫాంలో ఉండకూడదు, వీలైనంతవరకు మహిళా ఎస్సై రావాలి. వేధింపే కాదు, కొట్టినా, తిండి పెట్టకుండా వదిలేసినా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది.

ఇదంతా పాపని దింపడానికి వెళ్లినప్పుడే మీ అమ్మ పక్కన కూర్చుని చెప్పండి. ఫోన్‌లో చెబితే తనని అనుమానిస్తున్నారేమోనని నొచ్చుకుంటుంది.