వైజాగ్ నుంచి చిత్రకోట్‌కి 150 సిసి బండి మీద ఇద్దరు: సామాను ఎక్కడ పెట్టాలి, ఎలా కట్టాలి

తమ్ముడూ, నువ్వు అడిగింది ఏంటంటే, 150 సిసి బండి మీద నువ్వూ మీ ఫ్రెండూ వైజాగ్ నుంచి సాలూరు, కోరాపుట్ మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్ వెళ్ళి చిత్రకోట్ జలపాతం చూసి నాలుగు రోజుల్లో తిరిగి రావాలి, టెంటు, బట్టలు, కెమెరా అన్నీ ఒకే పెద్ద బ్యాగులో వేసి వెనక క్యారియర్ మీద తాళ్ళతో బిగించేస్తే సరిపోతుందా అని. సరిపోదు. నేను సరిగ్గా అదే చేశాను, ఏమైందో చెప్తాను విను.

2017 డిసెంబర్‌లో నేనూ మా బామ్మర్దీ పూరీ బయల్దేరాం. క్యారియర్ మీద ట్రావెల్ బ్యాగు, దాని మీద టెంటు, దాని మీద దుప్పట్ల చుట్ట, మొత్తం మావాడి భుజాల ఎత్తుకి వచ్చింది. మద్దిలపాలెంలో బయల్దేరి హనుమంతవాక దాటేదాకా ఏమీ తెలీలేదు, ఊళ్ళో స్పీడు ఉండదు కదా. ఆనందపురం దాటి హైవే మీద 75, 80 అందుకున్నాక హ్యాండిల్ మరీ తేలిగ్గా అనిపించింది, నేనేమో రోడ్డు బావుంది కదా అందుకే అనుకున్నాను. రణస్థలం దగ్గర కంటైనర్ లారీ ఒకటి మమ్మల్ని దాటుకుని పోయింది, ఆ గాలి తగలగానే బండి పాములాగా అటూ ఇటూ ఊగడం మొదలెట్టింది, హ్యాండిల్ గట్టిగా పట్టుకుంటే ఊపు ఇంకా పెరిగింది. ఆ టైంలో ఎందుకో గానీ బ్రేకు కొట్టలేదు, యాక్సిలరేటర్ మెల్లగా వదిలేశాను, 50కి దిగాక బండి దానంతటదే సర్దుకుంది. పక్కకి ఆపి దిగాక మా బామ్మర్ది పది నిమిషాలు మాట్లాడలేదు.

నరసన్నపేటలో ఒక మెకానిక్ షెడ్డు దగ్గర ఆగాం. ఆ పెద్దాయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఏటి బాబూ, బరువంతా తోక మీద ఎట్టేసినావు, ముందు చక్రానికి పట్టేటుంటాది?" అన్నాడు. నన్ను పక్కన నిలబడి ముందు ఫోర్కులు, అంటే ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే గొట్టాలు, చూడమని, తను బ్యాగు మీద రెండు చేతులూ వేసి కిందికి నొక్కాడు. ఫోర్కులు పైకి లేచాయి, నా కళ్ళతో చూశాను. వెనక చక్రం ఇరుసుకి వెనకపక్క ఎంత ఎక్కువ బరువు పెడితే ముందు చక్రం మీద భారం అంత ఎక్కువగా తగ్గుతుంది, అది ఎంత ఎత్తులో ఉంటే బండి ఊగడం అంత ఎక్కువ. అసలు సంగతంతా ఇదే. పది కిలోలు సీటు పక్కన కిందికి వేలాడుతుంటే నీకు తెలియనే తెలియదు, అదే పది కిలోలు క్యారియర్ చివర ఎత్తుగా ఉంటే వేరే బండి తోలుతున్నట్టు ఉంటుంది.

పెందుర్తి వైపు నుంచి పొద్దున్నే వచ్చే పాలవాళ్ళని ఒకసారి గమనించు. క్యాన్లు రెండు పక్కలా, కిందికి, సమానంగా వేసుకుంటారు. నువ్వు చెయ్యాల్సిందీ అదే. రెండు పక్కలా వేలాడే శాడిల్ బ్యాగులు కొనుక్కో, లేదా అద్దెకి దొరికితే తీసుకో, బరువైనవన్నీ అంటే టూల్స్, పంక్చర్ కిట్, గాలి పంపు, నీళ్ళు, టెంటు ఇనప మేకులు వాటిలో అడుగున వెయ్యి, రెండు బ్యాగులూ విడివిడిగా తూకం వేసి కిలో కంటే తేడా లేకుండా చూసుకో. కెమెరా ట్యాంక్ బ్యాగులో, అంటే పెట్రోలు ట్యాంకు మీద పెట్టే బ్యాగులో పెట్టుకో, అయితే అయస్కాంతం ఉన్న బ్యాగు కొనేముందు నీ ట్యాంకు మీద అది అంటుకుంటుందో లేదో చూడు, పైన ప్లాస్టిక్ కవర్ ఉన్న ట్యాంకులకి అంటుకోదు. వెనక క్యారియర్ మీద దుప్పటి, స్లీపింగ్ బ్యాగ్, బట్టలు లాంటి తేలికవే. క్యారియర్ మీద ఎన్ని కిలోలు పెట్టొచ్చో చాలా వాటికి రాసే ఉంటుంది, చూస్తే ఆశ్చర్యపోతావు, అంత తక్కువ. వీపుకి బరువైన బ్యాగు వద్దు, భుజాలు లాగేస్తాయి, పడితే లోపలున్న గట్టి వస్తువు నేరుగా వెన్నుపూసకి తగులుతుంది.

మొత్తం ఎంత బరువు మోయొచ్చో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది, ఆ లెక్కలో మీ ఇద్దరూ కూడా వస్తారని చాలామంది మర్చిపోతారు. ఉదాహరణకి 150 కిలోలు అని ఉందనుకో, నువ్వు 70, వాడు 65 అయితే సామానుకి మిగిలింది 15 కిలోలే, అందులోనే హెల్మెట్లు, జాకెట్లు, బూట్లు కూడా. అందుకే టెంటు గురించి ఇంకోసారి ఆలోచించు. జగదల్‌పూర్‌లో రూము తీసుకుంటే టెంటే అక్కర్లేదు.

కట్టడం గురించి చెప్పకుండా వదల్లేను. ఆ పూరీ ట్రిప్పులోనే తిరుగు ప్రయాణంలో పలాస బజారులో నెమ్మదిగా 25, 30లో వస్తుంటే వెనక టక్ టక్ మని చప్పుడు, ఏంటా అని చూసేలోపే వెనక చక్రం పట్టేసి బండి గీసుకుంటూ ఆగిపోయింది. బ్యాగు బెల్టు కొస ఒకటి జానెడు పొడుగు వదిలేశాను, అది గాలికి ఎగిరి చైన్లో పడి స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ళ చక్రం) చుట్టూ మూడు చుట్లు తిరిగి, వేడికి నైలాను కరిగి నల్లగా ముద్దకట్టింది. బ్లేడుతో కొంచెం కొంచెం కోసి తియ్యడానికి ముప్పావుగంట పట్టింది, వేళ్ళన్నీ గ్రీజు. అదే 80లో ఉండగా పడి ఉంటే ఇవాళ నీకు ఈ జవాబు రాసేవాణ్ణి కాదు. అప్పట్నుంచి పాత సైకిల్ ట్యూబుని అంగుళం వెడల్పు రింగులుగా కోసుకుని ఉంచుకుంటాను, ప్రతి బెల్టు కొసా చుట్టచుట్టి దాని మీద ఒక రింగు తొడుగుతాను, కొసలు వేలాడకుండా ఉంటాయి.

కొక్కేలున్న సాగే తాళ్ళు చవక అని అందరూ అవే కొంటారు, అవి గుంతలో పడ్డప్పుడు సాగి సడలిపోతాయి, పైగా కట్టేటప్పుడు కొక్కెం జారితే సూటిగా కంటికే వస్తుంది, మొహం దూరంగా పెట్టి కట్టు. సాగని బెల్టు, బకుల్ ఉన్నది వాడు, దాని మీద కావాలంటే వల వేసుకో. కట్టేది సీటు కింద ఫ్రేముకో, గ్రాబ్ రైలుకో (వెనక కూర్చున్నవాడు పట్టుకునే కడ్డీ) మాత్రమే, ఇండికేటర్‌కీ ప్లాస్టిక్ ప్యానెల్‌కీ కాదు. కట్టాక బ్యాగు పట్టుకుని ఊపు, బ్యాగుతో పాటు బండి ఊగాలి, బ్యాగు ఒక్కటే ఊగితే మళ్ళీ విప్పి కట్టు.

సైలెన్సర్ వైపు బ్యాగు ఎక్కడా దానికి తగలకూడదు, ఆగి ఉన్నప్పుడే కాదు, ఇద్దరూ కూర్చుని షాకులు కిందికి దిగినప్పుడు కూడా. వెనక కూర్చునేవాడి ఫుట్‌రెస్ట్, ఇండికేటర్లు, టెయిల్ లైటు, నంబర్ ప్లేటు కనపడాలి. పెట్రోలు బాటిల్లో పోసుకుని బ్యాగులో పెట్టుకోవద్దు, దయచేసి. దారిలో విజయనగరం, సాలూరు, కోరాపుట్, జైపూర్ (ఒడిశాలోది) అన్నిచోట్లా బంకులు ఉన్నాయి.

బరువు ఎక్కాక బండి సెట్టింగులు మార్చాలి, ఇది ఎవరూ చెయ్యరు. టైరు గాలి ఒక్కడికి ఒకటి, ఇద్దరికి ఒకటి ఉంటుంది, చాలా బళ్ళకి చైన్ కవర్ మీదో స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే ఇనప చెయ్యి) మీదో స్టిక్కర్ ఉంటుంది, నా బండికి వెనక టైరు ఒక్కడికి 28, ఇద్దరికి 32. టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి, ఇంటి దగ్గర బంకులోనే పట్టించుకో. వెనక షాకులకి స్ప్రింగు బిగింపు మార్చే మెట్లు ఉంటాయి, టూల్ కిట్‌లో కొడవలి లాంటి స్పానర్ అందుకే ఇస్తారు, రెండు పక్కలా సమానంగా బిగించు. ఇద్దరూ కూర్చుని చైన్ మరీ టైట్ అవుతోందేమో చూసుకో. వెనక కుంగితే హెడ్‌లైట్ ఆకాశం చూస్తుంది, ఎదురొచ్చేవాడి కళ్ళల్లో కొడుతుంది, దాన్నీ కాస్త దించు. బరువుతో బండి కుంగితే సైడ్ స్టాండ్ మీద దాదాపు నిటారుగా నిలబడుతుంది, కుడిపక్కకి పడిపోయే ప్రమాదం ఉంది, నేల వాలు చూసి పార్క్ చెయ్యి, మట్టి మెత్తగా ఉంటే స్టాండ్ కింద చదును రాయి పెట్టు.

వర్షాకాలం అయితే బ్యాగుల మీద కవర్ని నమ్మకు, లోపల బట్టలన్నీ మందపాటి పాలిథిన్ కవర్లో మూతి కట్టి పెట్టు. రెయిన్‌కోటు అన్నిటికంటే పైన ఉండాలి. లైసెన్సు, ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాగితాలు ఫోన్లో డిజీలాకర్‌లో పెట్టుకున్నా, రెండు రాష్ట్రాలు దాటుతున్నావు కదా, ఒక సెట్టు కాగితాలు కూడా ఉంచుకో.

బయల్దేరే ముందు ఆదివారం పూర్తి సామానుతో, మీ ఫ్రెండుని ఎక్కించుకుని బీచ్ రోడ్డు మీద భీమిలి దాకా వెళ్ళి రా. రుషికొండ, మంగమారిపేట వైపు మలుపులు, స్పీడు బ్రేకర్లు అన్నీ తగులుతాయి, ఖాళీ రోడ్డు చూసి రెండుమూడు సార్లు గట్టిగా బ్రేకు కొట్టి చూడు, ఎంత దూరంలో ఆగుతోందో నీకే అర్థమవుతుంది, మామూలు కంటే ఎక్కువ దూరం పడుతుంది. తిరిగొచ్చాక ఏ బెల్టు సడలిందో, ఏ బ్యాగు ఎక్కడ రాసుకుందో చూసి రాసుకో.

అసలు రోజు మొదటి 30 కిలోమీటర్లకే ఆగి అన్ని బెల్టులూ లాగి చూడు, సామాను సర్దుకుని మొదట్లోనే సడలుతుంది. ఆ తర్వాత సాలూరులో టిఫిన్‌కి ఎలాగూ ఆగుతారు, అక్కడ ఇంకోసారి చూసి అప్పుడు సుంకి ఘాట్ ఎక్కండి.