ఇంటి నుంచి చేసే ఉద్యోగంతో విదేశంలో కాపురం కుదురుతుందా?

ప్రశ్న: మాది విశాఖపట్నంలోని మధురవాడ. బెంగళూరులోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థకు నాలుగేళ్లుగా ఇంటి నుంచే పనిచేస్తున్నాను. జీతం నెలకు రెండు లక్షల రూపాయలు. మా వారు పోర్టు దగ్గర ఒక సరుకు రవాణా సంస్థలో ఉద్యోగి. పాపకు ఐదేళ్లు. ఎక్కడ కూర్చున్నా చేసే పని ఒకటే కనుక, పోర్చుగల్‌లోనో మలేషియాలోనో కొన్నేళ్లు ఉండి, వీలైతే అక్కడే స్థిరపడాలని నా ఆలోచన. పెందుర్తిలో మా అత్తగారు ఒంటరిగా ఉంటున్నారు. ఇది సాధ్యమేనా?
– ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: మీ ఉత్తరంలో రెండు దేశాల పేర్లు ఉన్నాయి కానీ, ఈ విషయంలో మీ సంస్థ ఏమంటుందో లేదు. ముందుగా తేలవలసింది అదే. ఇంటి నుంచి పనిచేయడానికి ఇచ్చే అనుమతి సాధారణంగా మన దేశంలోని ఇంటికే పరిమితం. ఉద్యోగి మరో దేశంలో నెలల తరబడి పనిచేస్తే, ఆ సంస్థకు తమ దేశంలో స్థిరమైన వ్యాపార కేంద్రం ఉన్నట్టు అక్కడి పన్నుల శాఖ పరిగణించే ప్రమాదం ఉంది. సామాజిక భద్రత చెల్లింపులు, కార్మిక చట్టాలు సంస్థ మెడకు చుట్టుకోవచ్చు. క్లయింటుతో చేసుకున్న ఒప్పందంలో సమాచారం దేశం దాటకూడదన్న షరతు ఉంటే, మీ మేనేజరు మనస్ఫూర్తిగా సరేనన్నా ఆ మాట నిలవదు. అందువల్ల దేశం పేరు, కాలపరిమితి స్పష్టంగా రాసిన అనుమతి పత్రం హెచ్‌ఆర్ విభాగం నుంచి చేతికి వచ్చేదాకా ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టకండి. సంస్థకు చెప్పకుండా వెళ్లి, ఉన్న చోటు తెలియనివ్వని వీపీఎన్ పెట్టుకుని పని నడిపించవచ్చని కొందరు సలహా ఇస్తారు. దయచేసి ఆ మాట వినకండి. అది బయటపడిన రోజున ఉద్యోగమూ పోతుంది, ఆ ఉద్యోగాన్ని చూపించి తెచ్చుకున్న వీసా కూడా నిలవదు.

అనుమతి వచ్చిందనే అనుకుందాం. వేరే దేశపు సంస్థకు దూరం నుంచి పనిచేసేవారి కోసం పోర్చుగల్ 2022 అక్టోబరులో మొదలుపెట్టిన డీ8 వీసాకు ఆ దేశపు కనీస వేతనానికి నాలుగు రెట్ల ఆదాయం చూపాలి. 2025 లెక్క ప్రకారం అది నెలకు 3,480 యూరోలు, అంటే దాదాపు మూడున్నర లక్షల రూపాయలు. ఇలాంటి వీసాకే స్పెయిన్ అడిగేది తన కనీస వేతనానికి రెట్టింపే అయినా, భర్తనూ బిడ్డనూ వెంట తీసుకువెళ్లేవారు అంతకంటే ఎక్కువ చూపవలసి ఉంటుంది. దుబాయ్ ఇచ్చే ఇలాంటి ఏడాది వీసాకు నెలకు 3,500 డాలర్లు ఉండాలి. ఇవేవీ మీ జీతానికి అందవు. ఇదే తరహాలో మలేషియా వారు ఇచ్చే డీఈ రాంటౌ పాసుకు మాత్రం సాంకేతిక రంగాల వారికి ఏడాదికి 24,000 డాలర్లు చాలు కనుక మీరు అర్హులే. థాయ్‌లాండ్ 2024 జూలైలో తెచ్చిన డీటీవీ వీసాకు 5 లక్షల బాట్ల నిల్వ చూపాలి; ఐదేళ్లు చెల్లే ఆ వీసాపై ఒక్కో రాకకు 180 రోజులు ఉండనిస్తారు.

పని వేళల విషయంలోనూ మలేషియాయే మీకు అనుకూలం. బెంగళూరులో ఉదయం పది గంటలకు జరిగే సమావేశం కౌలాలంపూర్‌లో మధ్యాహ్నం పన్నెండున్నరకు వస్తుంది. చలికాలంలో లిస్బన్‌లో ఉన్నవారు అదే సమావేశానికి తెల్లవారుజామున నాలుగున్నరకు కూర్చోవాలి. చిన్నబిడ్డ తల్లి ఏళ్ల తరబడి అలా నెగ్గుకురావడం చాలా కష్టం.

ఇక స్థిరపడటం సంగతి. మలేషియా పాసు గరిష్ఠంగా 12 నెలలకు ఇస్తారు, మరో 12 నెలలు పొడిగిస్తారు. అక్కడి నుంచి శాశ్వత నివాసానికి దారి లేదు. స్పెయిన్, పోర్చుగల్‌లలో చట్టబద్ధంగా ఐదేళ్లు నివసించినవారు దీర్ఘకాల నివాసానికి దరఖాస్తు చేసుకోవచ్చు. అంటే మీకు అందే దేశం స్థిరపడనివ్వదు, స్థిరపడనిచ్చే దేశం ఇప్పటి జీతానికి అందదు. కొన్నేళ్లు ఉండిరావడం, అక్కడే స్థిరపడటం అనే రెండు కోరికలనూ ఒకే ప్రయాణంతో తీర్చుకోవాలని చూడకండి. స్థిరపడటమే ముఖ్యమైతే, ఆ దేశంలోని సంస్థలో ఉద్యోగం సంపాదించి వెళ్లడమే మేలని నా అభిప్రాయం.

మీ వారి ఉద్యోగం గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు. మలేషియాలో మీ పాసుపై వెంట వచ్చే భర్త అక్కడ ఉద్యోగం చేయడానికి వీలు లేదు. ఆయన చేసే పని ఇంటి నుంచి చేసేదీ కాదు. ఆయన సంపాదన ఆగిపోయి, మీ ఒక్క జీతం మీద పరాయి దేశంలో అద్దె, పాప బడి ఫీజు, ఆరోగ్య బీమా, ఇక్కడ అత్తగారి ఖర్చులు గడవాలి. ఆవిడకు ఒంట్లో బాగాలేని రోజున పెందుర్తికి ఎవరు వెళతారో కూడా బయలుదేరే ముందే తేల్చుకోవాలి.

పన్ను విషయానికి వస్తే, ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 లోపల 182 రోజులు భారతదేశంలో ఉన్నవారు ఆ సంవత్సరానికి ఇక్కడి నివాసులే, ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా ఇక్కడ లెక్క చూపాలి. సెప్టెంబరు ఆఖరు దాకా ఉండి అక్టోబరులో విమానం ఎక్కినవారు కూడా ఈ లెక్కలోకే వస్తారు. మలేషియాలోనూ 182 రోజులు నిండితే అక్కడి పన్ను నివాసి అవుతారు. దీర్ఘకాలం వెళ్లేటట్టయితే బ్యాంకు పొదుపు ఖాతాను ప్రవాసులకు ఉద్దేశించిన ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్పించుకోవాలి. విదేశీ ఆదాయ లెక్కలు చూసే చార్టర్డ్ అకౌంటెంటును కలవనిదే టికెట్టు కొనవద్దు.

నన్నడిగితే, సంస్థను ముందుగా మూడు నెలలకే అనుమతి అడగండి. డీఈ రాంటౌ పాసు అంత తక్కువ కాలానికీ ఇస్తారు. వేసవి సెలవులు కలిసివచ్చేలా పాపను తీసుకుని వెళ్లండి. మీ వారు ఉద్యోగం వదులుకోకుండా, సెలవు దొరికినప్పుడు వచ్చిపోవచ్చు. పన్నుల పరంగా మీరు ఇక్కడి నివాసిగానే ఉంటారు. ఆ మూడు నెలల ఖర్చు లెక్కను ఇంటిల్లిపాదీ కూర్చుని చూసుకున్న తరువాతే ఏడాది మాట ఎత్తండి.

ప్రశ్న: డిగ్రీ పూర్తిచేశాను. మూడు లక్షలు కడితే థాయ్‌లాండ్‌లో ఉంటూ డేటా ఎంట్రీ చేసే ఉద్యోగం, వీసా రెండూ ఇప్పిస్తామని ఒక ఏజెంటు చెబుతున్నారు. నమ్మవచ్చా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: కట్టవద్దు. థాయ్‌లాండ్ డీటీవీ లాంటి వీసాలు అప్పటికే ఉద్యోగమో సొంత పనో ఉన్నవారికి ఇచ్చేవి. వీసాతోపాటు ఉద్యోగం రాదు. విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటు 1983 నాటి వలసల చట్టం కింద నమోదై ఉండాలి, అభ్యర్థి నుంచి 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. ఆ ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వపు ఈమైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో మీరే చూడవచ్చు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి మన ప్రాంతపు యువకులను కంబోడియాకు తరలించి, సైబర్ మోసాలు చేయించిన ముఠా సంగతిని 2024 మే నెలలో విశాఖ పోలీసులే బయటపెట్టారు. ఆ ఏజెంటు ఇచ్చిన కాగితాలు, ఫోన్ సందేశాలు చెరిపివేయకుండా భద్రపరచి, నగర సైబర్ క్రైమ్ పోలీసులకు చూపించండి.