కాకతీయుల చెరువు నుంచి బోరు మోటరు దాకా: మా వైపు సాగు ఎలా మారింది

మధ్యయుగాల నుంచి ఇప్పటిదాకా వ్యవసాయ సాంకేతికత ఎలా మారిందని అడిగారు. ప్రపంచమంతా తిరిగి చెప్పలేను గానీ, నాకు బాగా తెలిసిన వరంగల్ వైపు సంగతి చెప్తాను. మాది నర్సంపేట పక్క పల్లె, తాతల నుంచి వరి పండిస్తున్న ఇల్లు.

పెద్ద మార్పు ఎక్కడ వచ్చిందంటే నేను నీళ్ల దగ్గరే అంటాను. 13వ శతాబ్దంలో కాకతీయ రాజు గణపతిదేవుని కాలంలో పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు కట్టారు. రెండు గుట్టల మధ్య సందు చూసి అడ్డంగా మట్టికట్ట పోయడం, లోపలివైపు రాయి పేర్చడం, పొలాలకు నీళ్లు వదలడానికి రాతి తూములు పెట్టడం, వరద ఎక్కువైతే కట్ట తెగకుండా మత్తడి (అలుగు) మీదుగా పొర్లి కింది చెరువుకు పోయేలా చూడటం, ఇదంతా ఆనాటి ఇంజనీరింగే. పాకాల కట్ట మైలుకు పైనే ఉంటుంది. ఎనిమిది వందల ఏళ్లయినా దాని కింద ఇప్పటికీ వరి పండుతోంది, అది చూసినప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది. చెరువు కట్టించినవాళ్లకు, బాగు చేయించినవాళ్లకు ఆయకట్టులో పదోవంతు ఇచ్చే దశబంధం పద్ధతి కూడా ఉండేది, అందుకే మరమ్మతులు ఆగేవి కావు. ఎవరి మడికి ఎప్పుడు నీళ్లు అన్నది నీరటికాడు చూసుకునేవాడు.

చెరువు కింద లేని భూములకు బావే దిక్కు. మా తాత మోట కొట్టాడు. తోలు బొక్కెన బావిలోకి దించి, ఎద్దులను వాలు మీద కిందికి నడిపితే నీళ్లు పైకొస్తాయి, మళ్లీ ఎద్దులు వెనక్కి ఎక్కాలి, పొద్దంతా ఇదే పని చేసినా ఎకరం కూడా పూర్తిగా తడిసేది కాదట. కాకతీయుల నాటి రైతును తెచ్చి మా తాత పక్కన నిలబెట్టినా ఏ పనిముట్టూ కొత్తగా అనిపించేది కాదు. కర్ర నాగలికి ఇనుప కర్రు, గుంటుక, కల్లంలో పశువులతో తొక్కించడం, చాటతో తూర్పార పట్టడం, అన్నీ అవే.

తర్వాత ఆయిల్ ఇంజన్, కరెంటు మోటరు, ఆ వెనకే బోరు రిగ్గులు. మా నాయన కాలానికి మోట పోయింది. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఉచిత కరెంటు వచ్చింది, 2018 జనవరి నుంచి తెలంగాణలో 24 గంటలూ ఇచ్చారు. ఎద్దుల, మనుషుల కష్టం తీరింది, అందులో సందేహం లేదు. కానీ ఎవరి బోరు వాళ్లకయ్యాక చెరువు సంగతి ఎవరికీ పట్టలేదు. కాలువలు పూడిపోయాయి, నీరటికాడి పని పోయింది, ఒకరు మూడొందల ఫీట్లు వేస్తే పక్కవాళ్లు నాలుగొందలు వేశారు, బోరు ఫెయిలై అప్పులపాలైన ఇళ్లు మా చుట్టుపక్కలే ఉన్నాయి. 2015లో మిషన్ కాకతీయ కింద మా ఊరి చెరువులో పూడిక తీసి ఆ మట్టి పొలాలకు తోలుకున్నాక, చెరువు కింది బోర్లు ఎండాకాలంలో కూడా పోస్తున్నాయి. పాత చెరువు నిండితేనే కొత్త బోరు పోస్తుంది, ఇది మాత్రం గట్టిగా చెప్పగలను.

మన పాత పనిముట్లన్నీ వెనకబడినవేం కాదు. విత్తనం వరుసలో పడేలా వేసే గొర్రునే తీసుకోండి. అలాంటి యంత్రం యూరప్ వాళ్ల కొత్త ఆవిష్కరణ అనుకుంటూ వచ్చిన హాల్కాట్ అనే ఇంగ్లీషు కెప్టెన్, దక్షిణ భారతంలో రైతులు దాంతో మామూలుగా విత్తడం చూసి ఆశ్చర్యపోయి 1795లో రాశాడు. ఇప్పుడు ట్రాక్టరు వెనక తగిలించే సీడ్ డ్రిల్లుదీ అదే సూత్రం.

విత్తనాల సంగతికొస్తే 1966లో ఐఆర్8 లాంటి పొట్టి రకాలు వచ్చాక యూరియా వేసినా పైరు అంత తేలిగ్గా పడిపోని పరిస్థితి వచ్చింది, దిగుబడి పెరిగింది. 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి ఇప్పటికీ అందరికీ ఇష్టమే.

మిగతావి గబగబా జరిగిపోయాయి. కేజీవీల్స్ (బురదలో దిగే ఇనుప చక్రాలు) వేసిన ట్రాక్టరు బురద దున్నుతుంది, ఇంటిల్లిపాదీ రోజుల తరబడి చేసే కోత, నూర్పిడి పనిని హార్వెస్టర్ గంటల్లో ముగిస్తుంది, మందు కొట్టడానికి డ్రోన్లు కూడా వస్తున్నాయి. వీపు మీద పంపు మోసి, ఆ మందు వాసన పీల్చినవాళ్లకు డ్రోన్ విలువ తెలుస్తుంది.

నాట్లు మాత్రం మా దగ్గర ఇంకా చేత్తోనే. నాటు యంత్రానికి ట్రేలలో నారు పెంచాలి, మడి చదునుగా ఉండాలి, మా చిన్న చిన్న మడుల్లో అది తిరగదు. ఊళ్లో కూలీలు దొరక్క, ఈ మధ్య బెంగాల్, బీహార్ నుంచి వచ్చే గుంపులతో వేయిస్తున్నాం. కొందరు నాటు మానేసి విత్తనాలే వెదజల్లుతున్నారు, ఖర్చు తగ్గుతుంది గానీ కలుపు ఎక్కువ. కలుపు మందు సరైన సమయంలో కొట్టగలిగితేనే అటు వెళ్లండి.