సీసా ఎన్నిసార్లు నింపావ్, అమ్మలూ?

అమ్మలూ,

చెన్నై టీనగర్‌లో చీరల కొట్లో చేరుతున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. సంతోషంతో ఆ రాత్రి నిద్ర పట్టలేదు, భయంతోనూ పట్టలేదు. సూళ్లూరుపేటలో లోకల్ ఎక్కి ఆ ఊరికి పనికెళ్లడం మనింట్లో నా తర్వాత నువ్వే.

మెత్తటి చెప్పులు కొనుక్కో. పొద్దున తినకుండా బయల్దేరకు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నీళ్ల సంగతి మాత్రం నేనే చెప్పాలి. రంగనాథన్ వీధిలో ఒక కొట్లో పంతొమ్మిదేళ్లు నిలబడ్డాను. మా కౌంటరు రెండో అంతస్తు, బాత్రూం ఐదో అంతస్తు. వెళ్లాలంటే సూపర్‌వైజర్ని అడగాలి. ఆయన గడియారం వంక చూసేవాడు. ఆ చూపుకి సిగ్గుపడి నీళ్లు తాగడమే మానేశాను. పొద్దున ఒక గ్లాసు, మళ్లీ రాత్రి హాస్టల్‌కి వచ్చాకే. ఒక దీపావళి ముందు మూత్రంలో మంట మొదలైంది. సీజన్లో సెలవడిగితే పని పోతుందని ఎవరికీ చెప్పలేదు. నాలుగో రోజు పెళ్లివాళ్లకి పట్టుచీర విప్పి చూపిస్తుంటే, అంచు పట్టుకున్న చెయ్యి వణుకు ఆగలేదు. పెళ్లికూతురి తల్లి నా నుదురు తాకి, "ఈ పిల్ల ఒళ్లు కాలిపోతోంది" అని కేకేసింది. ఇన్ఫెక్షన్ కిడ్నీకి పాకిందన్నారు. నీళ్లు తాగక, వచ్చింది ఆపుకుంటే క్రిములు కొట్టుకుపోకుండా లోపలే పెరిగి పైకెక్కుతాయని డాక్టరమ్మ చెప్పింది. నెలనెలా జీతంలో ఈఎస్ఐకి, అంటే పనిచేసేవాళ్ల ఆరోగ్య బీమాకి, కోసేవారు, కార్డు అడగాలని నాకు తెలీదు. ప్రైవేటు ఆసుపత్రి బిల్లుకి మీ తాత పాడిగేదెని అమ్మేశాడు. దాని పాలతోనే మీ నాన్న పెరిగాడు.

అందుకే మొదటి నెలే ఈఎస్ఐ నంబరు అడుగు. జీతం 21,000 లోపైతే నీ వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. కొన్నాళ్లు చందా కట్టాక, జబ్బు సెలవుకి ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది. కె.కె. నగర్లో వాళ్ల పెద్దాసుపత్రి ఉంది.

బేరం లేనప్పుడు కూర్చో. కొట్లలో పనిచేసేవాళ్లకి కూర్చునే ఏర్పాటు ఉండాలని 2021లో తమిళనాడు చట్టం మార్చింది. మాకు ఆ స్టూలు లేదు. నా పిక్కల మీద ఉబ్బిన నరాల్ని చిన్నప్పుడు నువ్వు వేలితో నొక్కి, "పాములా అత్తా?" అని అడిగేదానివి. నీ కాళ్లకి అవి రాకూడదమ్మా.

కష్టం ఇంట్లో చెప్పని నీ మొండితనం నాకు తెలుసు. జ్వరంతో పదో తరగతి లెక్కల పరీక్ష రాసొచ్చి, గుమ్మంలో పడిపోయేదాకా నోరు విప్పలేదు. ఆ వేషాలు అక్కడ వెయ్యకు. బాత్రూంకి వెళ్లాలంటే, అడగాల్సిన అవసరమే లేదు, చెప్పి వెళ్లు. ఎవరైనా గడియారం చూస్తే చూడనీ.

మీ నాన్న చేతికి లీటరు సీసా పంపిస్తున్నాను. మూత గట్టిది, చీరల మీద ఒలకదు. రోజూ రాత్రి ఫోన్ చేస్తాను. ఏం తిన్నావని అడగను. సీసా ఎన్నిసార్లు నింపావో చెప్పు చాలు.

మీ అత్త